మందుల చల్లపెట్టె: వైన్ కూలరా, ఫ్రిజ్జా?

(పెన్షనర్ల దినోత్సవం సందర్భంగా ప్యాపిలిలో జరిగిన సభలో చేసిన ప్రసంగ పాఠం)



1982 డిసెంబరు 17న నకారా కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పును తలచుకుంటూ మనం ఏటా ఈ రోజు కలుసుకుంటున్నాం. ఆ తీర్పు గురించీ, రావలసిన బకాయిల గురించీ నాకంటే బాగా చెప్పగలవారు ఈ వేదిక మీద ఉన్నారు. కార్యదర్శిగారు నాతో, "మీరు జీవోల జోలికి పోకండి, ఇంటికి పోయి ఆచరించగలిగిన సంగతి ఏదైనా చెప్పండి" అన్నారు. అందువల్ల మందులు చల్లగా దాచుకునే పెట్టెను ఎట్లా ఎంచుకోవాలి, ఇంట్లో ఎట్లా పెట్టుకోవాలి అన్న విషయం తీసుకున్నాను.

ఇది చిన్న విషయం అనిపించవచ్చు. ఈ హాలులో ఇన్సులిన్ సూది వేసుకునేవారు చేతులెత్తండి అంటే ఎన్ని చేతులు లేస్తాయో మీకే తెలుసు. మనం సర్వీసులో ఉన్నప్పుడు ఫ్రిజ్జు అంటే పండుగ అడ్వాన్సు, సొసైటీ లోను కలిపి కొనుక్కునే గొప్ప వస్తువు. చల్లనీళ్లకు, పెరుగు పులవకుండా ఉండటానికి అది పనికివచ్చేది. ఈ వయసులో దాని పని మారిపోయింది. ఇప్పుడు అది మన ఇంటి మందుల స్టోరు. స్టోరులో సరుకు చెడిపోతే ఏమవుతుందో స్టోర్సు సెక్షనులో పనిచేసినవారికి నేను చెప్పనక్కరలేదు.

చెడిపోయినట్టు కనపడని సరుకు

1921లో కెనడా దేశంలోని టొరాంటోలో బాంటింగ్, బెస్ట్ అనే ఇద్దరు ఇన్సులిన్‌ను వేరుచేశారు. 1922 జనవరిలో లియోనార్డ్ థాంప్సన్ అనే 14 ఏళ్ల బాలుడికి మొదటిసారి ఇచ్చారు. అంతవరకు అటువంటి పిల్లలకు వైద్యులు చేయగలిగింది కడుపు మాడ్చి కొన్నాళ్లు బతికించడమే. ఇన్సులిన్ అంత విలువైన మందు. అయితే దానికి ఒక బలహీనత ఉంది. అది మాంసకృత్తు, అంటే ప్రోటీను. ఎక్కువ వేడికి బలం తగ్గుతుంది, గడ్డకడితే మళ్లీ కరిగినా పనికిరాదు.

వాడకం మొదలుపెట్టని సీసాను 2 డిగ్రీల నుండి 8 డిగ్రీల మధ్య ఉంచాలి. వాడుతున్న సీసానుగానీ, పెన్నునుగానీ బయటే ఉంచుకోవచ్చును. కానీ గది వేడి 25 లేక 30 డిగ్రీలు దాటకూడదు, సాధారణంగా 4 వారాలలో వాడేయాలి. 25లా 30లా, ఎన్ని రోజులు అన్నది మందు రకాన్ని బట్టి మారుతుంది. సీసాతో వచ్చే కాగితం మీద స్పష్టంగా ఉంటుంది. అక్షరాలు మరీ చిన్నవి, భూతద్దం పెట్టుకొని అయినా చదవండి.

ఇప్పుడు మన ఊరి సంగతి చూడండి. ఏప్రిల్, మే నెలల్లో ప్యాపిలిలో పగటి ఎండ 40 దాటడం మనకు వింత కాదు. బండల మిద్దెలో మధ్యాహ్నం 3 గంటలకు గదిలోపలే 37, 38 ఉంటుంది. అంటే మందు కాగితం మీది "గది ఉష్ణోగ్రత" అన్న మాటకు మన గదికి సంబంధం లేదు.

మన సభ్యులలో ఒక ఫ్యామిలీ పెన్షనరు అమ్మ ఉన్నారు. పేరు చెప్పను, ఊరు కూడా చెప్పను. మొన్న వేసవిలో ఆమెకు షుగరు 300 దగ్గర నిలబడిపోయింది. డాక్టరుగారు మోతాదు పెంచారు, అయినా దిగలేదు. ఒకరోజు కాళ్లు తేలిపోయి గడప దగ్గర పడిపోయింది. ఆసుపత్రిలో మూడు రోజులు ఉంచవలసి వచ్చింది. నేను చూడబోతే, "అన్నా, పొద్దుమాపులా సూది తప్పకుండా ఏసుకుంటానే ఉండాను. అన్నం గూడా తగ్గించినా. మరి చక్కెర యాల దిగదు?" అని అడిగింది.

ఇంటికి వచ్చాక ఆమె కోడలు ఫ్రిజ్జు తెరిచి చూపించింది. ఇన్సులిన్ సీసాలు మంచు గడ్డకట్టే అరకు సరిగ్గా కింద ఉన్న ట్రేలో, వెనక గోడకు ఆనించి పెట్టి ఉన్నాయి. "చల్లగా ఉండాలన్నారు కదా మామా, అన్నిటికన్నా చల్లగా ఉండే చోట పెట్టినా" అంది. ఆ పిల్ల తప్పేమీ లేదు. ఎవరూ ఆమెకు 2 డిగ్రీల హద్దు ఉందని చెప్పలేదు. రాత్రిళ్లు ఆ ట్రేలో మందు గడ్డకట్టి, పగలు తలుపు తీసి వేసినప్పుడు కరిగి ఉంటుంది. చూస్తే నీళ్లలాగే తేటగా ఉంది. కొత్త సీసాతో మొదలుపెట్టి, డాక్టరుగారు మోతాదు సరిచూసి తగ్గించిన తర్వాత వారం పది రోజుల్లో దారికి వచ్చింది.

చెడిన పాలు విరుగుతాయి, చెడిన కూర వాసన వేస్తుంది. చెడిన ఇన్సులిన్ చాలాసార్లు ఏమీ చెప్పదు. పాలరంగు మందులో తరకలు కట్టినా, సీసా గోడకు పొడిలా అంటుకున్నా పారవేయవలసిందే. కానీ అటువంటి గుర్తు ఏదీ లేకుండా కూడా చెడవచ్చును. కాబట్టి మందును చూసి కాక, మందు ఉన్న చోటును కొలిచి మాత్రమే మనం నమ్మకం పెట్టుకోగలం. నేను ఈ రోజు చెప్పదలచిన ముఖ్యమైన మాట ఇదే.

వైన్ కూలరు వచ్చిన వైనం

మా ఇంట్లో నా శ్రీమతికి ఇన్సులిన్ ఉంది. మాది పాత ఫ్రిజ్జు, కంప్రెసరు చివరి దశలో ఉంది. బెంగళూరులో ఉన్న మా అల్లుడు ఇల్లు మారుతూ ఫోను చేశాడు. "మామా, మా దగ్గర ఒక చిన్న వైన్ కూలరు ఉంది. కొత్త ఇంట్లో చోటు లేదు. అద్దం తలుపు, లోపల లైటు, చప్పుడే ఉండదు. అత్తమ్మ మందులకు సరిగ్గా సరిపోతుంది, పంపిస్తాను" అన్నాడు.

వైన్ కూలరు అంటే ద్రాక్షసారా సీసాలు పడుకోబెట్టి దాచుకునే చిన్న బీరువా. మహారాష్ట్రలో నాసిక్ దగ్గర, కర్ణాటకలో నంది కొండల దగ్గర వైన్ తయారీ పెరిగిన తర్వాత పట్నాల ఇళ్లలోకి ఇవి కూడా వచ్చాయి. పెట్టె ఇంటికి వచ్చినప్పుడు పక్కింటివారు తొంగిచూసి, "సారుకు ఈ వయసులో ఇదేం అలవాటు?" అనుకున్న మాట నిజం. దాంట్లో ఇన్సులిన్ పెన్నులు చూసి వారే నవ్వుకున్నారు.

మంచి పెట్టె కదా అని మందులు వెంటనే అందులోకి మార్చలేదు. మనం కొత్త కుర్చీలో కూర్చున్నప్పుడు ముందు చార్జి లిస్టు సరిచూసుకున్నట్టే, దీన్నీ పరీక్షించాను. మే నెల రెండో పక్షంలో 8 రోజులపాటు ఖాళీ నీళ్ల సీసాలు పెట్టి, లోపల ఒక థర్మామీటరు, గదిలో ఒకటి ఉంచి, ఉదయం 6కు, మధ్యాహ్నం 3కు, రాత్రి 9కి రాసుకున్నాను. పెట్టె మీద అంకెను 8 డిగ్రీలకు పెట్టాను.

మధ్యాహ్నం గదిలో 38 ఉన్నప్పుడు పెట్టెలోపల 20 ఉంది. తెల్లవారుజామున గదిలో 30 ఉన్నప్పుడు లోపల 13 ఉంది. ఎనిమిది రోజుల్లో ఒక్కసారి కూడా 8కి దిగలేదు. కానీ పెట్టె మీద మాత్రం 8 అనే అంకె పచ్చగా వెలుగుతూనే ఉంది. ఆ అంకె మనం అడిగినది, పెట్టె ఇచ్చినది కాదు. ట్రెజరీ తెలిసినవారికి అర్థమయ్యేటట్టు చెప్పాలంటే, అది మంజూరు ఉత్తర్వు మాత్రమే, చెల్లింపు వేరే.

చల్లదనం ఎక్కడినుండి వస్తుంది

అట్లా ఎందుకు జరిగిందో తెలుసుకోవాలంటే మన కుండ దగ్గరనుండి రావాలి. కుండ గోడలోని సన్నని రంధ్రాల గుండా నీరు బయటికి ఊరుతుంది, గాలికి ఆవిరవుతుంది. ఆవిరయ్యేటప్పుడు వేడిని లాక్కొనిపోతుంది. గాలి ఎంత పొడిగా ఉంటే అంత చల్లదనం. మన రాయలసీమ ఎండలో ఉన్న మేలు ఇదొక్కటే. కోస్తావారికి కుండ ఇంత బాగా పనిచేయదు.

ఫ్రిజ్జు కూడా ఇదే పని చేస్తుంది. నీటికి బదులు ఒక వాయువు మూసిన గొట్టాల్లో తిరుగుతూ ఉంటుంది. లోపలివైపు ఆవిరై వేడిని తీసుకుంటుంది, కంప్రెసరు దాన్ని నొక్కి వెనకవైపు గొట్టాల్లోకి పంపితే అక్కడ ఆ వేడిని గదిలోకి వదిలేస్తుంది. ఫ్రిజ్జు వెనక చెయ్యి పెడితే వెచ్చగా తగిలేది ఆ వేడే.

చిన్న వైన్ కూలర్లలో చాలావాటికి కంప్రెసరు ఉండదు. 1834లో ఫ్రాన్సులో పెల్టియర్ అనే ఆయన ఒక సంగతి కనిపెట్టాడు. రెండు వేర్వేరు లోహాలు కలిసిన చోట కరెంటు పంపిస్తే ఒక అతుకు చల్లబడుతుంది, రెండోది వేడెక్కుతుంది. ఈ పెట్టెల్లో ఆ సూత్రంతో పనిచేసే చిన్న బిళ్ల ఉంటుంది, దాని వేడిని ఊదేయడానికి ఒక ఫ్యాను ఉంటుంది. అదురు, చప్పుడు ఉండవు. వైన్ సీసాలో అడుగున మడ్డి కదలకూడదు కాబట్టి అది వారికి మంచిదే. పైగా వైన్ దాచడానికి 12, 13 డిగ్రీలు చాలు. కానీ ఆ బిళ్ల గది వేడి కంటే సుమారు 15 నుండి 20 డిగ్రీల వరకే తగ్గించగలదు. 25 డిగ్రీల బెంగళూరు గదిలో 8 వస్తుంది. 38 డిగ్రీల ప్యాపిలి గదిలో 20 వస్తుంది. పెట్టెలో లోపం లేదు, అల్లుడి మాటలో అబద్ధం లేదు. ఊరు మారింది, అంతే.

ఖర్చు కూడా చూడండి. అటువంటి పెట్టె 60 వాట్లు తీసుకుంటూ వేసవిలో రాత్రింబవళ్లు ఆగకుండా నడిస్తే రోజుకు 1.44 యూనిట్లు, నెలకు 43 యూనిట్లు. ఏడాదికి 180 యూనిట్లు అని చీటీ అంటించిన ఒంటి తలుపు ఫ్రిజ్జు నెలకు 15 యూనిట్లతో సరిపెడుతుంది. చిన్న పెట్టె కదా తక్కువ తింటుంది అనుకోవడానికి వీల్లేదు.

కంప్రెసరు ఉన్న వైన్ కూలర్లు కూడా ఉన్నాయి. వాటికి బలం ఎక్కువే గానీ, చాలావాటిని 5 నుండి 18 డిగ్రీల మధ్య నడవడానికి తయారు చేస్తారు. మనకు కావలసింది 2 నుండి 8. ఆ అంచులో నడిపిస్తూ, అద్దం తలుపు గుండా వేడిని రానిస్తూ ప్రాణం మీది మందును అప్పగించడం నాకు సమ్మతం కాలేదు.

అట్లాగని పెట్టెను మూలన పడవేయలేదు. మందుల్లో "25 డిగ్రీల లోపు ఉంచవలెను" అని రాసినవి కొన్ని ఉంటాయి. వాడుతున్న ఇన్సులిన్ పెన్నుకూ అంతే చాలు. వేసవి మూడు నెలలు ఆ వైన్ కూలరు అటువంటి మందులకు చక్కగా పనికివస్తోంది. కొత్త సీసాలకు మాత్రం వేరే ఫ్రిజ్జు తెచ్చాను.

ఫ్రిజ్జు ఎంపిక

మన దేశంలో గోద్రెజ్ వారు 1958లో ఫ్రిజ్జు తయారు చేయడం మొదలుపెట్టారు. మన హైదరాబాదులో 1942లో మొదలైన ఆల్విన్ కంపెనీ ఫ్రిజ్జులు మనలో చాలామంది ఇళ్లలో ఇరవై, ముప్పై ఏళ్లు పనిచేశాయి. ఇప్పుడు అంగట్లోకి పోతే కంపెనీలు అనేకం, రంగులు అనేకం. పూల బొమ్మ ఉన్న తలుపు చూసి కొనమని అమ్మేవాడు చెబుతాడు. మీరు డోన్‌లో కొన్నా, కర్నూలులో కొన్నా ఈ నాలుగు అడగండి.

మొదటిది, వాతావరణ తరగతి. ఫ్రిజ్జు వెనక లేదా లోపలి పక్క గోడ మీద అంటించిన చీటీలో ఇది ఉంటుంది. ‘ఎన్’ అంటే 32 డిగ్రీల గది వేడి వరకు, ‘ఎస్.టి.’ అంటే 38 వరకు, ‘టి’ అంటే 43 వరకు సరిగ్గా పనిచేసేటట్టు తయారు చేసినది. మనకు ‘టి’ తప్ప వేరొకటి పనికిరాదు. విదేశాలనుండి పిల్లలు పంపే పెట్టెల్లో ఈ అక్షరం తప్పక చూసుకోండి.

రెండోది, నక్షత్రాల చీటీ. 2006 నుండి కేంద్ర ప్రభుత్వ ఇంధన సామర్థ్య సంస్థ ఈ పద్ధతి నడుపుతోంది. నక్షత్రాలు లెక్కపెట్టి ఊరుకోకండి. కొలబద్ద అప్పుడప్పుడు కఠినం చేస్తుంటారు గనుక పాత చీటీ మీది 5 నక్షత్రాలు, కొత్త చీటీ మీది 5 నక్షత్రాలు ఒకటి కాదు. చీటీ మీది సంవత్సరం చూడండి, ఏడాదికి ఎన్ని యూనిట్లో చూడండి. 12తో భాగించి మీ రేటుతో హెచ్చవేస్తే నెల ఖర్చు మీకే తెలుస్తుంది.

మూడోది, ఒంటి తలుపా, రెండు తలుపులా అన్నది. మంచు పేరుకోని రెండు తలుపుల రకంలో ఫ్యాను చల్లగాలిని అన్ని అరలకూ పంచుతుంది, అరకూ అరకూ తేడా తక్కువ. ఒంటి తలుపు రకం ధర తక్కువ, కరెంటు తక్కువ తింటుంది, కరెంటు పోయినప్పుడు పై అరలోని మంచుగడ్డ కొంతసేపు కాపాడుతుంది. కానీ పైన మరీ చల్లగా, కింద తక్కువ చల్లగా ఉంటుంది. ఇద్దరే ఉండే ఇంటికి ఒంటి తలుపుది చాలును, అయితే మందుకు చోటు మాత్రం కొలిచి ఏర్పాటు చేయాలి.

నాలుగోది, లోపలి వాయువు. పాత కాలపు ఫ్రియాన్ వాయువు ఆకాశంలోని ఓజోను పొరను తినేస్తోందని 1987లో మాంట్రియల్ ఒప్పందం చేసుకొని దేశాలన్నీ దాన్ని మానుకున్నాయి. ఇప్పటి ఇంటి ఫ్రిజ్జుల్లో ఎక్కువగా ఆర్-600ఎ, అంటే ఐసోబ్యూటేను ఉంటుంది. కొద్ది గ్రాములే ఉంటుంది గానీ మంటకు అంటుకునే గుణం ఉంది. కాబట్టి గ్యాసు పని తెలిసిన మెకానిక్కు చేతనే చేయించండి. మంచు గీకడానికి కత్తి, స్క్రూడ్రైవరు పెట్టి పొడవకండి. గొట్టం చిల్లుపడితే ఫ్రిజ్జు పోతుంది, ప్రమాదం కూడా. స్విచ్చి ఆపి, తలుపు తెరిచి, కరిగేదాకా కాచుకోండి. అంతసేపూ మందును ఇంకొక చల్లని చోట పెట్టండి.

అమరిక

ఆటోలో తెచ్చిన ఫ్రిజ్జును దించిన వెంటనే ప్లగ్గు పెట్టవద్దు. నిలబెట్టి నాలుగు గంటలు ఉంచండి. పడుకోబెట్టి తెచ్చి ఉంటే ఒక రోజంతా ఆగండి. కంప్రెసరులోని నూనె గొట్టాల్లోకి పోయి ఉంటుంది, అది వెనక్కి దిగాలి.

చోటు విషయంలో ఆడవాళ్ల సౌకర్యం, మగవాళ్ల అందం రెండూ కాసేపు పక్కన పెట్టండి. పడమటి గోడకు ఆనించవద్దు, సాయంత్రం ఆ గోడ నిప్పులా ఉంటుంది. పొయ్యి పక్కన వద్దు, కిటికీ ఎండ పడే చోట వద్దు. వెనక ఒక జానెడు కాకపోయినా నాలుగు అంగుళాల సందు వదలండి, పక్కలకూ కొంత గాలి ఆడాలి. వెనకనుండి వదిలిన వేడి పోవడానికి దారి లేకపోతే కంప్రెసరు ఆగకుండా కొట్టుకుంటుంది. పాతకాలపు ఇళ్లలో గోడలో బీరువాకు తొలిచిన గూట్లో ఫ్రిజ్జు సరిగ్గా పట్టిందని సంతోషిస్తారు. ఊపిరి ఆడని చోట మనిషిని కూర్చోబెట్టినట్టే అది. వైన్ కూలర్లకూ ఇదే నియమం. గాలి ముందునుండి వదిలేటట్టు తయారు చేసినవి మాత్రమే అలమారలో బిగించాలి, వెనకనుండి వదిలేవాటిని ఆరుబయలుగా ఉంచాలి.

మా ఇంట్లో పడసాలలో ఉత్తరపు గోడ పక్కన, బేతంచెర్ల బండల మీద పెట్టాను. బండలు ఎగుడు దిగుడుగా ఉంటే కాళ్లు తిప్పి సమం చేయండి. ముందువైపు వెంట్రుకవాసి ఎత్తు ఉంటే తలుపు దానంతట అదే మూసుకుంటుంది. తలుపు రబ్బరు సరిచూడటానికి ఒక పది రూపాయల నోటు పెట్టి మూసి లాగండి. బిగువుగా వస్తే మంచిది, జారి వచ్చేస్తే రబ్బరు మార్చాలి.

కరెంటు విషయానికి వస్తే, మూడు పిన్నుల ప్లగ్గు, దానికి సొంత సాకెట్టు ఉండాలి. మిక్సీ, టీవీ, ఫ్రిజ్జు ఒకే పొడిగింపు తీగకు తగిలించవద్దు. ఎర్తింగు ఉందో లేదో లైసెన్సు ఉన్న వైర్‌మ్యాన్‌తో పరీక్ష చేయించండి. చాలా పాత ఇళ్లలో మూడో రంధ్రం ఉంటుంది గానీ దాని వెనక తీగ ఉండదు. షాకు కొట్టినప్పుడు కరెంటు కోసే 30 మిల్లీ ఆంపియర్ల బ్రేకరు ఒకటి పెట్టిస్తే మన వయసువారికి మరింత క్షేమం.

మనకు రావలసిన వోల్టేజి 230. సాయంత్రం వేళ మీ ఇంట్లో ఎంత వస్తోందో వైర్‌మ్యాన్‌ను అడిగి కొలిపించండి. కొత్త ఫ్రిజ్జులు కొన్ని తక్కువ వోల్టేజికి తట్టుకుంటాయని చీటీ మీదే రాస్తారు. మీ ఇంటి కరెంటు ఆ హద్దు లోపల ఉంటే స్టెబిలైజరు ఖర్చు దండగ. హద్దు దాటుతుంటే మాత్రం తప్పదు, అదీ కరెంటు వచ్చిన తర్వాత మూడు నిమిషాలు ఆగి ఇచ్చే రకం తీసుకోండి. ఇన్వర్టరు మీద ఫ్రిజ్జు నడపాలనుకుంటే సైన్ వేవ్ రకం అని అడిగి తీసుకోండి. ఎంతసేపు మోయగలదో బ్యాటరీని బట్టి లెక్క కట్టించుకోండి.

కరెంటు పోతే

తలుపు తెరవకుండా ఉంటే ఫ్రిజ్జు సుమారు నాలుగు గంటలు చల్లదనం నిలుపుకుంటుంది. ఖాళీ ఫ్రిజ్జు త్వరగా వేడెక్కుతుంది, కాబట్టి కింది అరలో నాలుగు నీళ్ల సీసాలు ఎప్పుడూ ఉంచండి. అవి చల్లదనానికి మన ఫిక్సెడ్ డిపాజిట్టు. అంతకు మించి కరెంటు రాకపోతే, 1912కు ఫోను చేసి ఎంతసేపు పడుతుందో కనుక్కోండి. మందును ఒక డబ్బాలో పెట్టి, గుడ్డ చుట్టి, మంచు గడ్డలున్న చెంబు పక్కన ఉంచండి. మంచు మందుకు నేరుగా తగలకూడదు.

అదీ లేకపోతే మన కుండ ఉంది. పెద్ద కుండలో చిన్న ముంత, మధ్యలో తడి ఇసుక, పైన తడిగుడ్డ, నీడలో గాలి ఆడే చోట. 40 డిగ్రీల ఎండలో, గాలిలో తేమ 20 శాతం ఉన్నప్పుడు తడిగుడ్డ చుట్టిన థర్మామీటరు 22, 23 దాకా దిగుతుంది. కుండ అంతవరకు రాకపోయినా దాని దగ్గరికి వస్తుంది. గుజరాత్‌లో వాంకానేర్‌కు చెందిన మన్‌సుఖ్‌భాయ్ ప్రజాపతి అనే కుమ్మరి ఈ సూత్రంతోనే మట్టి ఫ్రిజ్జు చేసి పేరు తెచ్చుకున్నారు. 2 డిగ్రీలు కుండ ఇవ్వలేదు గానీ, వాడుతున్న సీసాను వేసవినుండి కాపాడుతుంది.

ఒక పూట కరెంటు పోయిందని భయపడి మందంతా పారవేయనక్కరలేదు. కెన్యాలోని దగహలీ శరణార్థి శిబిరంలో సరిహద్దులు లేని వైద్యుల సంస్థవారు, జెనీవా విశ్వవిద్యాలయంవారు పరిశీలించి, 25 నుండి 37 డిగ్రీల మధ్య ఎక్కుతూ దిగుతూ ఉన్న వేడిలో నాలుగు వారాలు ఉంచినా ఇన్సులిన్ బలం నిలిచిందని 2021లో ప్రకటించారు. ఇది విచ్చలవిడిగా ఉంచమని చెప్పడానికి కాదు, కంగారు పడవద్దని చెప్పడానికి. అనుమానం వస్తే డాక్టరుగారినో, మందుల షాపు ఫార్మసిస్టునో అడగండి. గడ్డకట్టిన మందుకు మాత్రం ఈ మినహాయింపు లేదు.

రిజిస్టరు

చివరి మాట, అన్నిటికంటే చౌక అయిన వస్తువు గురించి. ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి ఎప్పుడైనా పోయినప్పుడు టీకా మందులు దాచే ఫ్రిజ్జు చూడండి. దాని మీద ఒక చార్టు వేలాడుతూ ఉంటుంది. ఉదయం ఒకసారి, సాయంత్రం ఒకసారి లోపలి ఉష్ణోగ్రత చూసి రాస్తారు. మన దేశంలో సార్వత్రిక టీకాల కార్యక్రమం 1985లో మొదలైంది. దేశమంతటా పల్లెపల్లెకూ పోయే ఆ టీకాల బలం ఆ చార్టు మీద ఆధారపడి ఉంది. పసిబిడ్డల టీకాకు ప్రభుత్వం తీసుకునే జాగ్రత్తను మన మందుకు మనం తీసుకోలేమా?

తీగ ఉన్న థర్మామీటరు కొద్ది వందల రూపాయల్లో దొరుకుతుంది. తీగ కొసను లోపల మందు డబ్బాలో పెట్టి, అంకెలు కనపడే బిళ్లను తలుపు బయట అంటించండి. ఒంటి తలుపు ఫ్రిజ్జులో మధ్య అరలో, వెనక గోడకు తగలకుండా, మూత ఉన్న డబ్బాలో మందు ఉంచి రెండు రోజులు చూడండి. 2 కంటే దిగుతుంటే డబ్బాను ఒక అర కిందికి దించండి, లేదా లోపలి మరను తగ్గించండి. 8 దాటుతుంటే పెంచండి. మర మీద అంకె పెరిగితే చల్లదనం పెరుగుతుంది, ఇది చాలామంది తిరగవేసి అనుకుంటారు. ఎండాకాలం ఒక అమరిక, చలికాలం ఒక అమరిక ఉంటుంది గనుక సంక్రాంతికి ఒకసారి, ఉగాదికి ఒకసారి తిరిగి చూసుకోండి.

ఒక తెల్లకాగితం మీద గీతలు గీసి తేదీ, ఉదయం, సాయంత్రం అని మూడు గళ్లు పెట్టండి. ముప్పై ఏళ్లకు పైగా రిజిస్టర్లు రాసిన చేతులు మనవి, ఇది మనకు బరువు కాదు. నా శ్రీమతి ఇప్పుడు నాకంటే ముందే రాస్తోంది. ఒకరోజు నేను రాయడం మరిచిపోతే, "ఏమండీ, ఈ పూట ఎంట్రీ ఏది?" అని మెమో ఇచ్చినట్టు అడుగుతుంది.

సంఘంవారికి ఒక మనవి. సంఘం నిధులతో రెండు థర్మామీటర్లు కొని ఆఫీసులో ఉంచితే, సభ్యులు వారం రోజులు ఇంటికి తీసుకుపోయి తమ ఫ్రిజ్జును పరీక్షించి తిరిగి ఇవ్వవచ్చును. ఇష్యూ రిజిస్టరు రాసే బాధ్యత నేను తీసుకుంటాను. ముఖ్యంగా ఒంటరిగా ఉన్న ఫ్యామిలీ పెన్షనరు అక్కచెల్లెళ్ల ఇళ్లకు మార్చి నెలలోపలే, ఎండ ముదరకముందే, మనలో నడవగలిగినవారు పోయి చూసి వద్దాం. పెన్షను నెలనెలా బ్యాంకులో పడితే చాలదు, దాన్ని తీసుకునే మనిషి ఆరోగ్యంగా ఉండాలి.